గాలి పని బంతి మీద, గడ్డి పని కాలి మీద

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పైకప్పు లేని స్టేడియంలో, సహజమైన గడ్డి మీద అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగితే పాయింట్లు తక్కువ వస్తాయని అందరూ అంటున్నారు, అది నిజమేనా? నిజమైతే ఎంత గాలిని లెక్కలోకి తీసుకోవాలి, గడ్డి వాటా ఎంత?

గాలి విషయంలో నిజం. గడ్డి విషయంలో చాలావరకు కాదు. రెంటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే గందరగోళం వస్తోంది. పైకప్పు ఉన్న స్టేడియాల్లో ఎక్కువ చోట్ల కృత్రిమ గడ్డి (టర్ఫ్) ఉంటుంది, సహజ గడ్డి ఉన్నవి ఎక్కువగా ఆరుబయట ఉంటాయి. అందుకని లెక్కలు తీస్తే గాలి చేసిన నష్టం కాస్తా గడ్డి ఖాతాలో పడిపోతుంది. తేడా తెలియాలంటే మినహాయింపులు చూడాలి. అరిజోనా, లాస్ వేగస్ స్టేడియాలకు పైకప్పు ఉంది, కానీ పెద్ద ట్రేలో పెంచిన నిజమైన గడ్డిని బయట ఎండకు ఉంచి, ఆటకు ముందు లోపలికి తోస్తారు. బఫెలో పాత స్టేడియం పూర్తిగా ఆరుబయట, సరస్సు గాలికి ఎదురుగా ఉండేది, కింద మాత్రం టర్ఫే. ఈ మూడు చోట్ల ఆటలు వరసగా చూస్తే ఏది దేని పనో తెలిసిపోతుంది.

నేను చాలాకాలంగా కాలేజీ స్థాయి కిక్కర్లకు (గోల్‌పోస్టుల మధ్యకు బంతిని తన్నేవాళ్లు), పంటర్లకు (బంతిని చేత్తో వదిలి దూరంగా ఎదుటి జట్టు వైపు తన్నేవాళ్లు) తర్ఫీదు ఇస్తున్నాను. అందుకని నా చూపు ముందు కాళ్ల దగ్గరికి పోతుంది. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌లతో పనిచేసేవాళ్లు ఇదే విషయాన్ని వేరే వరసలో చెబుతారు.

ముందు గాలి. వానకీ మంచుకీ భయపడినంతగా జనం గాలికి భయపడరు, టీవీలో గాలి కనపడదు కదా. 2013 డిసెంబర్ 8న ఫిలడెల్ఫియాలో ఈగల్స్, లయన్స్ జట్లు ఆడిన ఆట చూడండి. గీతలు కూడా కనపడనంత మంచు. అయినా స్కోరు 34-20. ఈగల్స్ ఆటగాడు లెషాన్ మెకాయ్ ఒక్కడే 217 గజాలు పరుగెత్తాడు. ఇప్పుడు 2021 డిసెంబర్ 6, సోమవారం రాత్రి, బఫెలో. పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ మ్యాక్ జోన్స్ ఆట మొత్తంలో మూడంటే మూడే పాస్‌లు విసిరాడు. రెండు అందాయి, వచ్చింది 19 గజాలు. మిగతాదంతా పరుగే, 46 సార్లు. పేట్రియట్స్ 14-10తో గెలిచారు. మొదటి టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించడం) తర్వాత మామూలుగా కొట్టే ఒక పాయింటు కిక్కు కూడా వద్దనుకుని, బంతిని మళ్లీ గీత దాటించి రెండు పాయింట్లు తెచ్చుకోవడానికి వెళ్లారు. అవతల బఫెలో క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ 30 పాస్‌లు విసిరితే సగమే అందాయి, మొత్తం 145 గజాలు. బఫెలో కిక్కర్ టైలర్ బాస్ నాలుగో క్వార్టర్‌లో 33 గజాల ఫీల్డ్ గోల్ (గోల్‌పోస్టుల మధ్యకు కొట్టే కిక్కు) తప్పాడు. ఆ స్థాయి కిక్కరు మామూలు రోజున 33 గజాలు తప్పడం అరుదు.

మంచులో 54 పాయింట్లు, గాలిలో 24. ఒక్క జత ఆటలతో సిద్ధాంతం తేలదు, నిజమే. కానీ కారణం భౌతికశాస్త్రంలో ఉంది. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. బంతి గంటకు 50 మైళ్ల వేగంతో వెళ్తోంది అనుకుందాం. ఎదురుగాలి 20 మైళ్లు ఉంటే బంతి దృష్టిలో గాలి వేగం 70, అంటే నిరోధం దాదాపు రెట్టింపు. అదే గాలి వెనక నుంచి వస్తే బంతికి తగిలేది 30, నిరోధం మూడో వంతు చిల్లరకు పడిపోతుంది. అంటే ఎదురుగాలికి నిరోధం 96 శాతం పెరిగితే, వెనకగాలికి తగ్గేది 64 శాతమే. ఎదురుగాలి లాక్కున్నంత వెనకగాలి తిరిగి ఇవ్వదు. ‘రెండు జట్లకూ రెండేసి క్వార్టర్లు గాలి కలిసొస్తుంది కాబట్టి సరిపోతుంది’ అనే మాట అందుకే తప్పు. ఇద్దరికీ సమానంగా దక్కుతుంది, కానీ మొత్తం మీద ఇద్దరూ నష్టపోతారు.

పాస్‌లన్నీ ఒకేలా దెబ్బతినవు. పది గజాల పాస్ అర సెకను కూడా గాలిలో ఉండదు, తల ఎత్తు దాటదు. దానికి గాలితో పెద్ద పేచీ లేదు. నలభై గజాల పాస్ రెండు సెకన్ల పైచిలుకు గాలిలో ఉంటుంది, పైగా స్టాండ్ల నీడ దాటి పైకి లేస్తుంది. అసలు దెబ్బ దానికే. బంతి బిగుతుగా తిరుగుతూ, ముక్కు ముందుకే పెట్టుకుని వెళ్తే గాలిని చీల్చుకుంటుంది. కాస్త ఊగిందంటే దాని పక్కభాగం గాలికి ఎదురవుతుంది, అక్కడితో లెక్క తప్పుతుంది. గాలి రోజున బలమైన చెయ్యి కావాలంటారు గానీ, నన్నడిగితే శుభ్రమైన స్పైరల్, అంటే ఊగకుండా బిగుతుగా తిరిగే బంతి, కావాలి. ఊగే బంతిని ఎంత బలంగా విసిరినా గాలి దాని పని అది చేసుకుపోతుంది.

ఎంత గాలి అనే దానికి నా కొలత ఇది. గంటకు 10 మైళ్ల లోపు అయితే మర్చిపోండి. 10 నుంచి 15 మధ్య కిక్కర్ ఆలోచిస్తాడు, కోచ్ ఆలోచించడు. 15 దాటితే కోచ్ చేతిలోని కాగితంలో కొన్ని ప్లేలు (ముందే రాసుకున్న ఎత్తుగడలు) కొట్టివేత పడతాయి. 20 దాటి, పైగా ఈడ్చి కొట్టే విసురులు ఉంటే అది వేరే ఆట. విసురు అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. నిలకడగా 20 మైళ్లు వీచే గాలిని వార్మప్‌లో నేర్చుకోవచ్చు. 10 నుంచి 25కి ఎగిరి, మళ్లీ పడిపోయే గాలిని ఎవడూ నేర్చుకోలేడు.

ఇంకో సంగతి. మీరు ఫోన్‌లో చూసే గాలి వేగం చాలాసార్లు దగ్గర్లోని విమానాశ్రయానిది. అది బహిరంగ ప్రదేశంలో 10 మీటర్ల ఎత్తున కొలిచింది. స్టేడియం ఒక పెద్ద గిన్నె. గాలి ఒక పక్క స్టాండు మీదుగా వచ్చి, లోపలికి దిగి, అవతలి గోడకు కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది. గోల్‌పోస్టుల కొసన కట్టిన రిబ్బన్లు చూశారా? 42 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, నియమం ప్రకారం ఉండాల్సిందే. అవి అడ్డకమ్మీ నుంచి 35 అడుగులు, అంటే నేల నుంచి 45 అడుగుల ఎత్తున ఎగురుతుంటాయి. అక్కడి గాలి ఒకటి, కిక్కర్ చెవి దగ్గర గాలి ఇంకొకటి. స్టాండు పైన జెండా తూర్పుకు, ఒక రిబ్బను పడమరకు, రెండో చివర రిబ్బను వేలాడుతూ ఉండడం నేను ఒకే నిమిషంలో చూశాను. అలాంటప్పుడు కిక్కర్లు వంగి, రెండు గడ్డిపోచలు పీకి వదిలి చూస్తారు. మూఢనమ్మకంలా కనిపిస్తుంది గానీ కాదు. బంతి బయల్దేరే ఎత్తులో గాలి ఎటుందో చెప్పేది అదొక్కటే.

గాలి అందరికంటే ముందు పట్టుకునేది పంటర్‌ని. జనం బంతి ఎగిరాక చూస్తారు, నష్టం మాత్రం ఎగరకముందే జరిగిపోతుంది. పంటర్ బంతిని చేత్తో ముందుకు చాచి వదులుతాడు. అది కాలిని తాకేలోపు కిందకు పడే ఆ రెండడుగుల దూరం చాలు. పక్కగాలి ఉంటే బంతి ముక్కు ఒక వేలు మందం పక్కకు తిరుగుతుంది. పాదం ఎముక మీద సరిగ్గా నడుమున పడాల్సిన బంతి అంచున పడుతుంది, 45 గజాలు పోవాల్సిన పంట్ 20 గజాలకే బయటికి పోతుంది. చూసేవాళ్లు ‘గాలి బంతిని కొట్టుకుపోయింది’ అంటారు. కొట్టుకుపోలేదు, అది మొదటే పక్కకు తగిలింది. అందుకే గాలి రోజున నా పిల్లలకు చెప్పేది ఒకటే: అడుగులు చిన్నవి చెయ్యి, బంతిని ఇంకాస్త కిందకు తెచ్చి వదులు, చెయ్యి చివరిదాకా దాంతోనే ఉండనీ. ఎదురుగాలికి ముక్కు కొద్దిగా దించి తక్కువ ఎత్తులో గుచ్చాలి. వెనకగాలికి ముక్కు ఎత్తి పైకి వదిలేయాలి, మిగతాది గాలి చూసుకుంటుంది.

ఫీల్డ్ గోల్‌లో పక్కగాలి సంగతి వేరు. యాభై గజాల కిక్కు సుమారు మూడు సెకన్లు గాలిలో ఉంటుంది. మొదట్లో వేగం మీద ఉంటుంది కాబట్టి గీత గీసినట్టు వెళ్తుంది. చివరి మూడో వంతులో వేగం తగ్గి, పైనుంచి దిగుతున్నప్పుడే పక్కకు జారుతుంది. టీవీలో బంతి నడిమధ్యకే వెళ్తోంది అనుకున్నప్పుడు చివర్లో వంకర తిరిగి పోస్టు బయటికి పోవడం ఇందుకే. గాలి వచ్చే వైపు పోస్టుకు గురిపెట్టి కొట్టమంటాం. నిండుగా ఉన్న స్టేడియంలో, గోల్ బయటికి గురిపెట్టి కొట్టడానికి ఎంత గుండె ధైర్యం కావాలో కొట్టినవాడికే తెలుసు.

సుదూర కిక్కుల రికార్డులు చూస్తే గాలి విలువ తెలుస్తుంది. 1970లో టామ్ డెంప్సీ న్యూ ఆర్లీన్స్‌లో ఆరుబయట 63 గజాలు కొట్టాడు. దాన్ని 2013లో మ్యాట్ ప్రేటర్ 64తో దాటాడు, అది డెన్వర్‌లో, మైలు ఎత్తున, సముద్రమట్టం కన్నా గాలి సుమారు 15 శాతం పలుచగా ఉండే చోట. (పైన చెప్పిన ఫిలడెల్ఫియా మంచు ఆట కూడా ఆ రోజే. ఒకే ఆదివారం కిక్కర్లకు స్వర్గం ఒకచోట, నరకం ఇంకోచోట.) తర్వాత 2021లో జస్టిన్ టక్కర్ 66 గజాలు డెట్రాయిట్‌లో, 2025 నవంబర్‌లో క్యామ్ లిటిల్ 68 గజాలు లాస్ వేగస్‌లో. ఈ రెండూ పైకప్పు కింద కొట్టినవే. ఇక్కడ గమనించాల్సింది: లాస్ వేగస్‌లో కింద ఉన్నది నిజమైన గడ్డి. గడ్డి దూరాన్ని తినేసేదే అయితే ఆ 68 గజాల కిక్కు అక్కడ పుట్టేది కాదు.

గాలి వ్యూహంలోకి ఎలా దిగుతుందో చెప్పకపోతే సమాధానం సగమే అవుతుంది. జట్లు మొదటి, మూడో క్వార్టర్ల తర్వాత వైపులు మారతాయి. టాస్ గెలిచినవాడు బంతి (ముందు దాడి చేసే అవకాశం) అయినా కోరుకోవచ్చు, వైపు అయినా కోరుకోవచ్చు. మిగిలింది ఎదుటివాడిది. దాదాపు అందరూ బంతి గురించే ఆలోచిస్తారు. ఇక్కడ రెండు ఆటలు పక్కపక్కన పెట్టి చూడాలి.

2002 నవంబర్ 24, లయన్స్, షికాగో జట్టు బేర్స్. షికాగో స్టేడియం మరమ్మతుల్లో ఉండడంతో ఆట షాంపేన్‌లో జరిగింది. స్కోరు సమమై అదనపు సమయం (ఓవర్‌టైమ్) వచ్చింది, ఆ టాస్ లయన్స్ గెలిచారు. కోచ్ మార్టీ మార్న్‌హిన్‌వెగ్ బంతి వద్దని, గాలి వీపున ఉండే వైపు కోరుకున్నాడు. అప్పట్లో ఓవర్‌టైమ్‌లో ముందు ఎవరు స్కోరు చేస్తే వాళ్లదే ఆట. బేర్స్ బంతి తీసుకుని, ఎదురుగాలిలోనే ముందుకు వచ్చి, పాల్ ఎడింగర్ 40 గజాల ఫీల్డ్ గోల్‌తో 20-17గా ముగించారు. లయన్స్‌కు బంతి దక్కనే లేదు. ఆ నిర్ణయాన్ని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు.

సరిగ్గా 11 ఏళ్లకు, 2013 నవంబర్ 24న, ఫాక్స్‌బరోలో పేట్రియట్స్ కోచ్ బిల్ బెలిచిక్ అదే పని చేశాడు. సగం ఆటకు 24-0 వెనకబడి, పుంజుకుని ఓవర్‌టైమ్‌కు తెచ్చిన పేట్రియట్స్ టాస్ గెలిచి, డెన్వర్ జట్టులోని పేటన్ మ్యానింగ్ లాంటి క్వార్టర్‌బ్యాక్ చేతికి బంతి ఇచ్చి గాలి తీసుకున్నారు. చివరికి డెన్వర్ వాళ్లు ఒక పంట్ దగ్గర బంతి పోగొట్టుకుంటే, పేట్రియట్స్ కిక్కర్ గాస్ట్‌కౌస్కీ 31 గజాల నుంచి కొట్టి 34-31తో గెలిపించాడు. ఒకరిది వెర్రి, ఒకరిది మేధావితనం అనేస్తారు జనం. మధ్యలో నియమం మారిందన్న సంగతి మర్చిపోతారు. 2013 నాటికి మొదటి జట్టు ఫీల్డ్ గోల్ మాత్రమే కొడితే రెండో జట్టుకూ బంతి వచ్చేది, టచ్‌డౌన్ చేస్తేనే అక్కడితో ఆట ఆఖరయ్యేది. అందుకని గాలి కోరుకోవడంలో ప్రమాదం బాగా తగ్గింది. మార్న్‌హిన్‌వెగ్ గాలిని తక్కువ అంచనా వేయలేదు, ఎక్కువ వేశాడు. నలభై గజాల లోపు కిక్కును ఎదురుగాలి ఆపలేదు, ఆలోచింపజేస్తుంది, అంతే.

ఇక గడ్డి. ‘సహజ గడ్డి నెమ్మది, టర్ఫ్ వేగం’ అనే మాట పాతకాలపు కార్పెట్ లాంటి టర్ఫ్ రోజుల నుంచి వస్తోంది. బాగా పెంచిన, ఆరిన గడ్డికీ ఇప్పటి టర్ఫ్‌కీ మధ్య పాయింట్లలో కనపడేంత తేడా ఉందని నేను నమ్మను. తేడా ఉన్నది గడ్డి రకంలో కాదు, ఆ రోజు దాని పరిస్థితిలో. సెప్టెంబర్ గడ్డి, డిసెంబర్ గడ్డి ఒకటి కావు. ఉత్తరాది స్టేడియాల్లో ఎక్కువగా కెంటకీ బ్లూగ్రాస్, దక్షిణాన బెర్ముడా. చలి పెరిగాక బెర్ముడా నిద్రపోతుంది, పైన రైగ్రాస్ విత్తనం చల్లి పచ్చగా ఉంచుతారు. నవంబర్ తర్వాత ఊడిన గడ్డి మళ్లీ పుట్టదు. నాష్‌విల్ లాంటి నడిమి ప్రాంతాల్లో రెండు రకాలకీ ఇబ్బందే, టెనెసీ టైటన్స్ 2023లో గడ్డి తీసేసి టర్ఫ్ వేసుకున్నది అందుకే. గ్రీన్ బేలో అయితే గడ్డిలో కృత్రిమ పోగులు కుట్టి, కింద వేడి గొట్టాలు పెట్టుకుని నెట్టుకొస్తున్నారు.

గడ్డి ఆటను పాడు చేసిన రోజంటే 2007 నవంబర్ 26, పిట్స్‌బర్గ్. వారాంతంలో అదే మైదానం మీద స్కూలు ఆటలు, కాలేజీ ఆట జరిగాయి. తర్వాత కొత్త గడ్డి పొర పరిచారు, దాని మీద కుండపోత. ఒక పంట్ నేల మీద పడి, ఎగరకుండా, ముక్కు బురదలో దిగబడి అలాగే నిలబడిపోయింది. ఆట ముగియడానికి 17 సెకన్ల ముందు స్టీలర్స్ కిక్కర్ జెఫ్ రీడ్ 24 గజాల కిక్కు కొట్టేదాకా స్కోరు సున్నా. చివరికి స్టీలర్స్ 3, డాల్ఫిన్స్ 0.

దీన్ని చూసి ‘చెడ్డ గడ్డి అంటే తక్కువ పాయింట్లు’ అనుకుంటే, 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్ (సీజన్ ఫైనల్) ఎదురొస్తుంది. అరిజోనాలో, పైకప్పు ఉన్న స్టేడియంలో, ప్రత్యేకంగా పెంచి తెచ్చిన గడ్డి మీద ఆటగాళ్లు ఆట పొడుగునా జారారు, కొందరు మధ్యలో బూట్లు మార్చుకున్నారు. స్కోరు చూడండి: చీఫ్స్ 38, ఈగల్స్ 35. ఆ సీజన్‌లో 70 సార్లు క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టిన ఈగల్స్ డిఫెన్స్ ఆ రోజు ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయింది. జారే నేల మీద ముందుగా నష్టపోయేది, ఎదుటివాడు ఎటు కదిలితే అటు తిరగాల్సినవాడు. అంచు నుంచి వంపు తిరిగి క్వార్టర్‌బ్యాక్ మీదకు వచ్చే డిఫెండర్‌కు కాలు ఆనకపోతే ఏముంది? పాస్ అందుకునే రిసీవర్‌కి మాత్రం తాను ఎక్కడ తిరగబోతున్నాడో ముందే తెలుసు. జారుడు, బురద వేరు వేరు. జారుడు డిఫెన్స్‌ని కొడుతుంది, లోతైన బురద అందరినీ కొడుతుంది.

దెబ్బల సంగతి మీరు అడగలేదు గానీ ఒక మాట. ఆటగాళ్ల సంఘం 2020లో బయటపెట్టిన లెక్క ప్రకారం 2012-2018 మధ్య, ఎవరూ తాకకుండానే కాళ్లకు తగిలే గాయాలు టర్ఫ్ మీద 28 శాతం ఎక్కువ. కారణం తేలికే: కాలు బలంగా తిరిగినప్పుడు గడ్డి ఊడి వస్తుంది, టర్ఫ్ ఊడదు, మోకాలో మడమో ఆ భారం మొయ్యాలి. ఆటగాళ్లు గడ్డి కావాలనేది పాయింట్ల కోసం కాదు.

గాలి, గడ్డి కలిసి పనిచేసే చోటు ఒకటుంది, అది చిన్నదే అయినా ఆటలు తేలేది అక్కడే. వృత్తి స్థాయిలో ప్లే మొదలయ్యే రెండు హాష్ గీతల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలు, సరిగ్గా గోల్‌పోస్టుల మధ్య దూరమంత. ఆట అంతా ఆ పట్టీలోంచే మొదలవుతుంది, ముందు వరస ఆటగాళ్లు (లైన్‌మెన్) ఒకరినొకరు తోసుకునేది అక్కడే, కాబట్టి డిసెంబర్‌కల్లా గడ్డి పోయేది కూడా అక్కడే. కిక్కర్ నిలబడేదీ ఆ పట్టీలోనే. అతని ఎడమ కాలు బంతి పక్కన దిగాలి, కుడి కాలు ఊపుకు ఆ ఎడమ కాలే ఆధారం. ఎదురుగాలి ఉందంటే ఎంత చెప్పినా ఇంకాస్త గట్టిగా కొడదామని ఊపు పెంచుతాడు. ఊపు పెరిగితే ఆధారం కాలి మీద బరువు పెరుగుతుంది. కింద ఉన్నది ఇసుక మీద నాలుగు పోచలు. కాలు రెండంగుళాలు జారితే చాలు, తుంటి తెరుచుకుపోయి బంతి పక్కకు పోతుంది. ఆ కిక్కు తప్పింది గాలికా, గడ్డికా అంటే నేను విడదీసి చెప్పలేను. టర్ఫ్ మీద అదే గాలికి ఆ కాలు నిలబడేది, పచ్చని గడ్డి మీదా నిలబడేదే.

మీరు ఆటకు వెళ్తున్నారు కాబట్టి ఒక పని చెయ్యండి. గంట ముందే వెళ్లి కూర్చోండి. ఫోన్‌లో వాతావరణం వదిలేసి కిక్కర్లను చూడండి. ఒక చివర దగ్గర నుంచి మొదలుపెట్టి అయిదేసి గజాలు వెనక్కి జరుగుతారు, తర్వాత రెండో చివరకు పోయి అదే చేస్తారు. చివర్లో కోచ్ దగ్గరికి వెళ్లి రెండు అంకెలు చెబుతారు: ఈ వైపు 47 దాకా, ఆ వైపు 55 దాకా, అలాగన్నమాట. ఆ రెంటి మధ్య తేడా అయిదు గజాల లోపు ఉంటే ఆ రోజు గాలిని పట్టించుకోకండి. పది ఉంటే మూడో క్వార్టర్ ఆఖరి రెండు నిమిషాలు కన్నార్పకుండా చూడండి. గాలి వీపున ఉన్న జట్టు, వైపు మారకముందే పంటో ఫీల్డ్ గోలో కొట్టేయాలని తొందరపడుతుంది. ఎదుటి జట్టు గడియారాన్ని నడవనిచ్చి ఆ గాలిని తన వైపుకు తెచ్చుకోవాలని చూస్తుంది.